మబ్బు తొలగిన రెండు నిమిషాలు: సూర్యుణ్ణి తీసిన ఒక కెమెరా కేస్ స్టడీ

కెమెరాని బల్ల మీద పెడుతూనే ఆయన తీర్పు చెప్పేశారు. "సెన్సర్ కాలిపోయిందండీ. గ్రహణం రోజు సూర్యుణ్ణి తీశాను కదా. కొత్తది వేస్తే ఎంతవుతుందో చెప్పండి చాలు."

జబ్బు పేరు రోగే చెప్పి, మందు చీటీ రాసిమ్మన్నట్టుంది. కెమెరాలు విప్పి బాగుచేసే పనిలో ఏళ్ల తరబడి ఉన్నాను కాబట్టి ఇలాంటి తీర్పులు నాకు అలవాటే. వాటిలో సగం నిజం ఉంటుంది, మిగతా సగం మనం వెతుక్కోవాలి. ఇక్కడ కూడా అంతే అయింది. ఏదో కాలిన మాట నిజం. సూర్యుడి వల్లే కాలిన మాటా నిజం. కానీ కాలింది ఫోటోని పట్టుకునే చిప్ అయిన సెన్సర్ కాదు. పైగా అది కాలిన క్షణాన ఆయన ఫోటో తీయడం లేదు, కెమెరా అసలు ఆన్‌లోనే లేదు. "సూర్యుణ్ణి ఫోటో తీస్తే కెమెరా పాడవుతుందా" అని నన్ను అడిగేవాళ్ళందరికీ ఈ కేసే చెబుతుంటాను. ఈసారి వివరంగా రాసి పెడుతున్నాను.

వచ్చిన సామాను, చెప్పిన ఫిర్యాదు

ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) బాడీ, దానికి 150-600 మి.మీ. జూమ్ లెన్స్. 600 దగ్గర లెన్స్ పూర్తిగా తెరుచుకుంటే ఎఫ్/6.3 (ఈ ఎఫ్ నంబర్ ఎంత చిన్నదైతే వెలుగు దూరే ద్వారం అంత పెద్దది). ఓనరుకి పిట్టల ఫోటోలంటే పిచ్చి. ఆ రోజు పాక్షిక సూర్యగ్రహణం, ట్రైపాడ్ మీద రెండు గంటలకు పైగా తీశారు. నిర్లక్ష్యంగా చేశారనుకోకండి. లెన్స్ ముందు తొడిగే అసలైన సోలార్ ఫిల్టర్ తెప్పించుకున్నారు, ముందు రోజే తొడిగి చూసుకున్నారు. నా దగ్గరకు వచ్చే చాలామంది కంటే ఎక్కువ జాగ్రత్త పడ్డ మనిషి.

గ్రహణం ఫోటోలు చక్కగా వచ్చాయి. నాలుగు రోజుల తర్వాత పిట్టల కోసం వెళ్తే అసలు సంగతి బయటపడింది. ప్రతి ఫ్రేములోనూ ఒకే చోట, పై భాగంలో కుడివైపుకి, ఏటవాలుగా ఒక తెల్లటి చార. అంచులు స్పష్టంగా లేవు, ఎవరో తడి వేలితో అద్దం మీద గీసినట్టు మసగ్గా ఉంది. లెన్స్ మార్చినా పోలేదు. సెన్సర్ తుడిపించినా పోలేదు. ఇంక సెన్సరే పోయిందని ఆయన నిర్ధారించుకున్నారు.

నాకు మొదట అనుమానం రేపింది ఆ చార రంగు. సెన్సర్ మీద కాలిన మచ్చ మామూలుగా అలా ఉండదు. సెన్సర్ సిలికాన్ చాలా గట్టిది, 1414 డిగ్రీల సెల్సియస్ దగ్గర గానీ కరగదు. కానీ దాని మీద ఒక్కో పిక్సెల్‌కి ఒక్కో బుల్లి లెన్సు, దాని కింద ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగు పొర ఉంటాయి. అవి రెసిన్‌లాంటి పదార్థంతో చేసినవి. వేడికి ముందు పోయేవి అవే. అందుకే కాలిన సెన్సర్ మీద మచ్చ ఏదో ఒక రంగు తేలి కనిపిస్తుంది, లేదా చచ్చిన పిక్సెళ్లు కుప్పగా నల్లగానో తెల్లగానో నిలిచిపోతాయి. అంచులు కూడా తేటగా ఉంటాయి, ఎందుకంటే దెబ్బ తగిలింది సరిగ్గా ఫోకస్ పడే చోటే కదా. ఈ చార మాత్రం ఫోకస్‌లో లేదు. అంటే లోపం సెన్సర్ తలం మీద కాకుండా దానికి కాస్త ముందు ఎక్కడో ఉందన్నమాట.

స్క్రూడ్రైవర్ పట్టకముందు

విప్పకుండా చేయగలిగిన పరీక్షలు నాలుగు చేశాను. మొదటిది అందరికీ తెలిసిందే: లెన్స్‌కి మూత పెట్టి, నల్లటి ఫ్రేములు తీసి, వెలుగుతున్న పిక్సెళ్లు లెక్కపెట్టడం. కొన్ని ఉన్నాయి, ఏ పాత కెమెరాలోనైనా ఉండేటన్ని. చార ఉన్నచోట ప్రత్యేకంగా ఏమీ గుంపు కట్టలేదు.

రెండోది అసలైనది. ఒకే తెల్ల గోడని, ఒకే వెలుగులో, మెకానికల్ షట్టర్‌తో (సెన్సర్ ముందు తెర కదిలేది) ఒకసారి, ఎలక్ట్రానిక్ షట్టర్‌తో (తెర కదలకుండా సెన్సరే పని చూసుకునేది) ఒకసారి తీశాను. మెకానికల్‌లో చార ఉంది. ఎలక్ట్రానిక్‌లో లేదు. గోడ శుభ్రంగా, ఏ మచ్చా లేకుండా వచ్చింది.

అక్కడికే కేసు ముప్పావు వంతు తేలిపోయింది. సెన్సర్ పోయి ఉంటే ఏ షట్టర్‌తో తీసినా మచ్చ ఉండాలి. ఈ మాట చెప్పగానే ఆయన ముఖంలో టెన్షన్ సగం దిగిపోయింది. మిగతా సగం అలాగే ఉంది, ఎందుకంటే "మరైతే ఏం పోయింది?" అన్నదానికి నేనింకా జవాబు చెప్పలేదు.

మూడో పరీక్షలో షట్టర్ వేగం మార్చుకుంటూ పోయాను, వెలుగు సరిపోయేలా మిగతావి సర్దుతూ. 1/2000 సెకను దగ్గర చార కొట్టొచ్చినట్టుంది. 1/250 దగ్గర పలచబడింది. 1/30కి వచ్చేసరికి వెతికితే గానీ కనబడలేదు. ఇలా ఎందుకవుతుందో షట్టర్ పనితీరు తెలిసినవాళ్ళకి వెంటనే తడుతుంది. ఎక్స్‌పోజర్ అయిపోగానే షట్టర్ తెర సెన్సర్‌ని కప్పేస్తుంది. ఆ తెర చాటున, చీకట్లో, కెమెరా సెన్సర్‌లోని సమాచారాన్ని వరుసవరుసగా చదువుకుంటుంది. తెరలో చిల్లుంటే ఆ చదివేంతసేపూ వెలుగు కారుతూనే ఉంటుంది. అసలు ఎక్స్‌పోజర్ 1/2000 సెకనే అయినప్పుడు ఈ కారే వెలుగు దాన్ని మింగేస్తుంది. అసలు ఎక్స్‌పోజర్ ఎక్కువసేపు ఉన్నప్పుడు కారిన వెలుగు అందులో కలిసిపోతుంది. పిట్టల్ని తీసేది ఎప్పుడూ వేగంగానే కాబట్టి, దెబ్బ అక్కడ బయటపడింది.

నాలుగోది పరీక్ష అనలేం. కెమెరా స్విచ్ ఆపి, లెన్స్ తీసి, టార్చి వేసి లోపలికి చూశాను. ఈ మోడల్‌లో స్విచ్ ఆపగానే షట్టర్ మూసుకునే సెట్టింగ్ ఉంది, లెన్స్ మార్చేటప్పుడు సెన్సర్ మీద దుమ్ము పడకుండా. మూసుకున్న తెర మీద ఉంది ఆయన చార.

దగ్గర నుంచి చూస్తే

భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూశాను, ఆయన్నీ చూడమన్నాను. షట్టర్ తెర అంటే ఒకే ముక్క కాదు, నల్ల పూత వేసిన పలుచని రేకులు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. వాటిలో రెండు రేకుల మీదుగా పోయింది కాలిన గుర్తు. మధ్యలో పూత బుడగలెక్కి, పెచ్చులూడి, బూడిద రంగుకి తిరిగింది. రేకు అంచు వంకర తిరిగి పక్క రేకు నుంచి విడిపోయింది, వెలుగు కారుతున్నది ఆ సందులోంచే. చుట్టూ సన్నటి గోధుమరంగు పొగచూరు.

గుర్తు గుండ్రంగా లేదు. పొడవు 9 మి.మీ. దగ్గరగా, వెడల్పు 4 మి.మీ. దగ్గరగా ఉంది. ఒక కొస మామూలుగానే ముగిసింది. రెండో కొస మాత్రం కొరికినట్టు లోపలికి వంపు తిరిగి ఉంది. చూస్తూ చూస్తూ ఆయనే అన్నారు, "ఇది గ్రహణం సూర్యుడండీ" అని. నిజమే. చంద్రుడు కప్పగా మిగిలిన సూర్యుడి ఆకారం ఆ రేకు మీద అచ్చు పడిపోయింది, ఆ అచ్చు పక్కకు జరుగుతూ పోయింది.

ఎంతసేపు జరిగిందో లెక్కగట్టొచ్చు. ఆకాశంలో సూర్యుడు గంటకి 15 డిగ్రీలు కదులుతాడు. సూర్యబింబం వెడల్పు అర డిగ్రీ కంటే కొంచెం ఎక్కువ. కాబట్టి కదలకుండా బిగించిన ట్రైపాడ్ మీద, తన వెడల్పు మేర జరగడానికి సూర్యుడికి రెండు నిమిషాల పైచిలుకు పడుతుంది. ఏ లెన్స్‌లోనైనా సూర్యబింబం సైజు తెలుసుకోవడానికి ఫోకల్ లెంగ్త్‌ని (లెన్స్ మీద రాసి ఉండే మి.మీ. అంకెని) 109తో భాగిస్తే చాలు. 600 మి.మీ. లెన్స్‌కి అది 5.5 మి.మీ. అంటే బింబం తెర మీద నిమిషానికి 2.6 మి.మీ. చొప్పున పాకుతుంది. గుర్తు పొడవులోంచి నెలవంక మందం తీసేస్తే మిగిలేది సుమారు 5 మి.మీ. రెండు నిమిషాలకి కాస్త తక్కువ.

ఇప్పుడు ఆయన్ని అడగాల్సింది ఒక్కటే. ఆ రోజు కెమెరా ఆఫ్‌లో ఉండి, ఫిల్టర్ లేకుండా, సూర్యుడి వైపు రెండు నిమిషాలు ఎప్పుడుంది?

"ఎప్పుడూ లేదండీ," అన్నారు గట్టిగా. అబద్ధం ఆడుతున్నారని నేననుకోలేదు. కార్డు అడిగి, ఫోటోల టైములు వరుసగా చూశాం. మొత్తం 412 ఫోటోలు. ప్రతి నిమిషానికీ మూడో నాలుగో ఉన్నాయి. ఒక్కచోట మాత్రం ఖాళీ: 10:42:17 తర్వాత మళ్ళీ 10:46:03. ఆ ఖాళీకి ముందున్న పది పన్నెండు ఫోటోలు మిగతావాటిలా లేవు. నల్లటి నేపథ్యంలో పసుపు బింబానికి బదులు, బూడిదరంగు మబ్బులు, వాటి మధ్య పలచటి నెలవంక సూర్యుడు.

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి. పది నలభైకి మబ్బు పట్టింది. సోలార్ ఫిల్టర్ వెలుగులో లక్షో వంతు మాత్రమే వదులుతుంది, మబ్బు అడ్డం రాగానే స్క్రీన్ మీద ఏమీ లేకుండా పోయింది. ఫిల్టర్ తీసేశారు. మబ్బే ఫిల్టర్ పని చేస్తోంది, ఫోటోలు అద్భుతంగా వస్తున్నాయి. అంతలో బ్యాటరీ అయిపోవచ్చింది. స్విచ్ ఆపి, సంచీలో కొత్త బ్యాటరీ వెతికి, వేసుకున్నారు. మళ్ళీ ఆన్ చేసేసరికి స్క్రీన్ అంతా తెల్లగా ఉంది. మబ్బు పోయిందని అర్థమై గబగబా ఫిల్టర్ తొడిగారు. ఆ తర్వాత గంట పాటు హాయిగా తీసుకున్నారు.

"ఆపేసే ఉంచానండీ," అన్నారు మళ్ళీ. ఆపేస్తే ఏమీ కాదన్న నమ్మకం చాలా గట్టిది. టీవీ ఆపినట్టు, ఫ్యాన్ ఆపినట్టు. కానీ లెన్స్‌కి స్విచ్ లేదు. అది గాజు, భూతద్దంలాగే దాని పని అది చేసుకుపోతుంది. భూతద్దంతో కాగితం కాల్చిన ప్రతి పిల్లవాడికీ ఇది తెలుసు. చేతిలో కెమెరా ఉన్నప్పుడే మర్చిపోతాం.

ఎంత వేడి?

కొంచెం లెక్క తప్పదు. నేల మీద నిటారుగా పడే ఎండ చదరపు మీటరుకి సుమారు 1000 వాట్లు. 600 మి.మీ., ఎఫ్/6.3 అంటే వెలుగు దూరే ద్వారం 95 మి.మీ. వెడల్పు. అందులోంచి వచ్చే ఎండ 7 వాట్లు. ఆ 7 వాట్లూ 5.5 మి.మీ. బింబంలో సర్దుకోవాలి. అంటే ఎండ కంటే 300 రెట్లు గాఢం. గాజులో పోయేది కొంత తీసేసినా లెక్కేమీ మారదు.

24 మి.మీ. వైడ్ లెన్స్ ఎఫ్/2.8 దగ్గర తీసుకోండి. ద్వారం 9 మి.మీ. లోపే. వచ్చే శక్తి 0.06 వాట్లు, పైదానిలో నూటిరవయ్యో వంతు. బింబం 0.22 మి.మీ. చుక్క. ఇక్కడో చిన్న తిరకాసుంది. చదరపు మి.మీ. లెక్కన చూస్తే ఈ చుక్కే ఎక్కువ గాఢం, ఎందుకంటే గాఢత ఎఫ్ నంబర్ మీదే ఆధారపడుతుంది. అయినా కాలదు. అంత చిన్న చుక్కలోని వేడి చుట్టూ ఉన్న చల్లటి భాగంలోకి క్షణంలో పాకిపోతుంది. పెద్ద బింబం మధ్యలోని వేడికి పారిపోవడానికి దారి దూరం. పెద్ద టెలీలే (దూరాన్ని దగ్గరగా చూపే లెన్సులే) కొంపలు ముంచడానికి కారణం ఇదే. సూర్యుడు ఫ్రేములో ఓ మూల ఉన్న ప్రకృతి దృశ్యాలు వైడ్‌తో రోజూ తీసేవాళ్ళ కెమెరాలు చెక్కుచెదరకపోవడానికీ ఇదే.

ఓనరు ఇక్కడ రెండు ప్రశ్నలు అడిగారు, రెండూ మంచివే. "అప్పటికి సగం సూర్యుడే కదా ఉన్నాడు?" అన్నది మొదటిది. సగం కప్పుకుపోతే మొత్తం వేడి సగమవుతుంది, నిజమే. కానీ మిగిలిన సగం బింబంలో ప్రతి చదరపు మి.మీ. మీదా పడే గాఢత మునుపటంతే. నెలవంక పడ్డచోట రేకుకి ఉపశమనం పెద్దగా ఏమీ లేదు.

రెండోది, "ఎఫ్/11 పెట్టుకున్నాను కదా, అపర్చర్ కొంత ఆపలేదా?" ఇది చాలామంది పడే పొరపాటు. మనం పెట్టిన అపర్చర్, అంటే వెలుగు దూరే ద్వారం సైజు, లెన్స్‌లో ఎప్పుడూ అలా ఉండిపోదు. డీఎస్‌ఎల్‌ఆర్‌లో (లోపల అద్దం ఉండే కెమెరాలో) క్లిక్ అనే క్షణం దాకా లెన్స్ పూర్తిగా తెరిచే ఉంటుంది, ఎఫ్/16 పెట్టినా సరే. మిర్రర్‌లెస్‌లలో బాడీని బట్టి, లెన్స్‌ని బట్టి మారుతుంది. ఈయన జతలో స్విచ్ ఆపగానే అపర్చర్ పూర్తిగా తెరుచుకుంటుంది. నేనే ఆపి, లెన్స్‌లోకి చూసి నిర్ధారించుకున్నాను. మీది ఎలా ఉంటుందో ఇలాగే చూసుకోవచ్చు, కాకపోతే గదిలో చూడండి, ఎండలో కాదు.

ఎలాగూ పాత షట్టర్ పనికిరాదు కాబట్టి, రిపేరు అయ్యాక దాని మీద ఒక పరీక్ష చేశాను. ఎండలో అదే లెన్స్‌ని ట్రైపాడ్‌కి బిగించి, బింబం పడేచోట ఆ షట్టర్ మీది కాలని భాగాన్ని పెట్టాను. ఐదు లెక్కపెట్టేలోపే పొగ లేచింది. సన్నటి దారంలా లేచి, వెంటనే కాలిన పెయింటు వాసన. తర్వాత 24 మి.మీ. లెన్స్ బిగించి మరో మూల మీద పెట్టి నిమిషం ఆగాను. భూతద్దం కింద ఏ గుర్తూ కనబడలేదు. ఒక్క షట్టర్ మీద ఒక్కసారి చేసిన పని ఇది, దీన్ని పట్టుకుని ఎవరూ కొలతలు రాసుకోవద్దు. ఆ పొగ ఎంత త్వరగా వచ్చిందో చూశాక మాత్రం నా సొంత అలవాట్లు మారాయి.

ఈ కేసులో నన్ను బాగా ఆలోచింపజేసిన లెక్క ఇంకొకటుంది. ఆయన తీసిన 412 ఫోటోలు ఒక్కోటి 1/1000 అనుకుంటే, అన్నీ కలిపి అర సెకను కూడా కాదు. కెమెరా సూర్యుడి ముందు నిలబడింది రెండు గంటలు. ఎవరూ క్లిక్ దగ్గర కెమెరా పోగొట్టుకోరు. ఫ్రేము సరిచూసుకుంటూ, ఫోకస్ వెతుక్కుంటూ, పక్కవాళ్ళతో మాట్లాడుతూ, బ్యాటరీ మారుస్తూ పోగొట్టుకుంటారు. కాబట్టి "1/8000 పెట్టాను, ఏం కాదు" అనేదానికి అర్థం లేదు.

మరి ఏ భాగం ముందు పోతుంది?

వెలుగు దారిలో ముందు ఏది అడ్డుపడితే అది. డీఎస్‌ఎల్‌ఆర్‌లో అద్దం కిందికి దించి ఉంటే వెలుగు పైన ఫోకసింగ్ స్క్రీన్ మీదకీ, కొంత కింద ఉన్న ఫోకస్ సెన్సర్ మీదకీ, అన్నిటికంటే ముఖ్యంగా చూస్తున్నవారి కంటిలోకీ పోతుంది. ఈ ఒక్కచోట సరదా లేదు. రెటీనాకి నొప్పి తెలియదు, కాలుతున్నా మనకి తెలియదు. షట్టర్ మారుస్తాం, సెన్సర్ మారుస్తాం, రెటీనా మార్చేవాళ్ళెవరూ లేరు. ఆప్టికల్ వ్యూఫైండర్‌లోంచి ఫిల్టర్ లేకుండా టెలీతో సూర్యుణ్ణి చూడొద్దు, అంతే. మిర్రర్‌లెస్‌లో కన్ను చూసేది చిన్న స్క్రీన్‌ని కాబట్టి ఆ భయం లేదు. అక్కడ ఆన్‌లో ఉన్నంతసేపూ సెన్సర్ మీద, ఆఫ్ చేస్తే మోడల్‌ని బట్టి షట్టర్ మీదో సెన్సర్ మీదో పడుతుంది.

ఈ కేసులో షట్టర్ అడ్డుపడకపోతే సెన్సర్ ఏమయ్యేది? సిలికాన్ వేడిని బాగా లాగేస్తుంది, వెనకాల లోహపు ప్లేటు కూడా ఉంటుంది. పలుచని షట్టర్ రేకు కంటే అది కొంత ఎక్కువే తట్టుకుంటుందని నా అభిప్రాయం. కానీ 7 వాట్లతో రెండు నిమిషాల పందెం నేను కాయను. పెద్ద టెలీతో గ్రహణం తీసి, రంగు పొర మాడిపోయిన సెన్సర్లు నా బల్ల మీదకే వచ్చాయి.

ఫిల్టర్ ఎక్కడ పెట్టారన్నది కూడా కేసుని మార్చేస్తుంది. కొన్ని పెద్ద టెలీలకి వెనక వైపు చిన్న ఫిల్టర్ దూర్చే అర ఉంటుంది. సోలార్ ఫిల్టర్‌ని అందులో పెడితే సెన్సర్ క్షేమమే. కానీ లెన్స్ అప్పటికే వెలుగునంతా పోగుచేసేసింది, దారిలో అపర్చర్ రేకులు, ఆ చిన్న ఫిల్టర్ దాన్ని భరించాలి. 600 మి.మీ. ఎఫ్/4 లెన్స్‌లో పోగయ్యేది 17 వాట్లకు పైనే. 2017 ఆగస్టు 21న అమెరికా మీదుగా సంపూర్ణ గ్రహణం వెళ్ళాక, కెమెరాలు అద్దెకిచ్చే ఒక సంస్థ తిరిగొచ్చిన సామాను ఫోటోలు బయటపెట్టింది. కాలిన షట్టర్లూ సెన్సర్లతో పాటు, కరిగి ముడుచుకుపోయిన అపర్చర్ రేకులూ వాటిలో ఉన్నాయి. ఫిల్టర్ ఎప్పుడూ లెన్స్ ముందే ఉండాలి, అక్కడ ఎండ ఇంకా మామూలు ఎండే కాబట్టి.

అసలు ఈ భయం డిజిటల్ కాలానిది కూడా కాదు. బట్టతో చేసిన షట్టర్ ఉన్న రేంజ్‌ఫైండర్ రకం పాత ఫిల్మ్ కెమెరాలని మూత లేకుండా ఎండలో వదిలేస్తే తెరలో సూది బెజ్జాలు పడేవి. పాత టీవీ కెమెరాల్లో సెన్సర్ స్థానంలో ఉండే వీడియో ట్యూబుల సంగతి ఇంకా ఘోరం. 1969 నవంబర్ 19న చంద్రుడి మీద అపోలో 12 వ్యోమగామి ఆలన్ బీన్ టీవీ కెమెరాని మరోచోట పెట్టడానికి మోస్తూ పొరపాటున సూర్యుడి వైపు తిప్పారు. ట్యూబు పాడైంది, అక్కడితో ఆ యాత్ర నడకల ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. "సూర్యుడి వైపు తిప్పితే చాలు పోతుంది" అన్న మాట ఆ ట్యూబుల రోజుల నుంచి వచ్చిందే అనుకుంటాను. నేటి సెన్సర్లు వాటికంటే చాలా మొండివి.

దెబ్బ కానిదాన్ని దెబ్బనుకుని వచ్చేవాళ్ళూ ఉన్నారు. సీసీడీ రకం సెన్సర్ ఉన్న పాత చిన్న కెమెరాల్లో సూర్యుడి మీదుగా నిలువునా తెల్లటి గీత కనిపిస్తుంది. సీమోస్ రకం సెన్సర్ ఉన్న కొన్ని కెమెరాల్లో సూర్యుడి నడిమధ్య నల్లచుక్క పడుతుంది. కెమెరా పక్కకు తిప్పగానే రెండూ మాయం. వెలుగు మరీ ఎక్కువై లెక్క తప్పడమే తప్ప ఏదీ కాలలేదు. వాటికి నేను చేసేదేమీ లేదు, పంపించేస్తాను.

బాగుచేసిన తీరు

షట్టర్‌ని రేకు రేకుగా మార్చడం కుదరదు, మొత్తం యూనిట్ మార్చాలి. మిర్రర్‌లెస్‌లో అది సెన్సర్‌కి ముందు, లెన్స్ మౌంట్‌కి వెనక ఇరుక్కుని ఉంటుంది. వెనక కవరు, బోర్డు, రిబ్బన్ కేబుళ్ళు దాటుకుంటూ పోయి సెన్సర్‌ని బయటికి తీయాలి. సెన్సర్‌ని పట్టి ఉంచే మూడు స్క్రూల కింద మైక్రాన్ల మందం తేడాలున్న వాషర్లు ఉంటాయి. ఏది ఎక్కడిదో ఫోటో తీసి, నంబర్లు వేసిన డబ్బీలో పెట్టుకున్నాను. అవి తారుమారైతే ఫోటోలో ఒక పక్క ఎప్పటికీ మసకే.

ఊహించని పని సెన్సర్ గాజు మీద తగిలింది. కాలిన పూత ఆవిరై, వెనకే ఉన్న గాజు మీద పలచటి పొగలా పేరుకుంది. దుమ్మయితే ఊదితే పోతుంది, ఇది పోదు. సెన్సర్ స్వాబ్‌తో, ద్రావకంతో, ఒక్కో స్వాబ్ ఒక్కసారే ఒక్క వైపుకే లాగుతూ నాలుగు విడతలు తుడిచాను. మూడో విడత తర్వాత కూడా ఓ అంచున మరక మిగిలింది. గట్టిగా రుద్దాలన్న ఆశని అణచుకోవాల్సొచ్చింది, ఎందుకంటే పెచ్చులూడిన పూత రేణువు ఒక్కటి స్వాబ్ కింద చేరితే గాజు మీద గీత ఖాయం. కాసేపు తడిపి ఉంచి తుడిస్తే నాలుగోసారికి వదిలింది.

కొత్త షట్టర్ బిగించాక మళ్ళీ అదే తెల్ల గోడ. 1/2000, 1/4000, 1/8000, మెకానికల్‌లో. చార లేదు. చదునైన చార్టు తీసి నాలుగు మూలలూ పోల్చాను, ఫోకస్ ఒకేలా ఉంది. లెన్స్ అపర్చర్ రేకుల్ని కూడా భూతద్దంతో చూశాను. పూర్తిగా తెరిచి పక్కకు తప్పుకుని ఉన్నాయి కాబట్టి వాటికి ఏమీ కాలేదు.

ఇచ్చేటప్పుడు ఆయనకి చెప్పింది పెద్దగా ఏమీ లేదు. ఫిల్టర్ చేతిలోకి వచ్చిందంటే లెన్స్ సూర్యుడి మీదినుంచి పక్కకు తిరగాలి, లేదా లెన్స్‌కి మూత పడాలి. మబ్బుని ఫిల్టర్‌గా లెక్కేయొద్దు, అది చెప్పి పోదు. ఫిల్టర్ తీసి మబ్బులో తీయాలనిపిస్తే తీయండి, కానీ ఒక చెయ్యి ట్రైపాడ్ హ్యాండిల్ మీదే ఉంచండి. అస్తమించేటప్పుడు ఎర్రబడి, తేలిగ్గా చూడగలిగే సూర్యుణ్ణి తీయడానికి ఇంత హంగామా అక్కర్లేదు. ఇంకా తెల్లగా మండుతుంటే మాత్రం సాయంత్రమైనా మధ్యాహ్నంలాగే చూడాలి. ట్రైపాడ్ మీద మూతలేని టెలీని ఎండలో వదిలేసి వెళ్ళడం గ్రహణం లేని రోజైనా తప్పే. లెన్స్ సూర్యుడి వైపు చూస్తోందో లేదో మనం చూసుకోకపోయినా, పది నిమిషాల్లో సూర్యుడే లెన్స్‌కి ఎదురుగా రావచ్చు.

మూడు నెలల తర్వాత చెకింగ్‌కి తెమ్మన్నాను, తెచ్చారు. నల్ల ఫ్రేములు మళ్ళీ తీసి పాతవాటితో పోల్చాను. కాలిన చోటుకి ఎదురుగా ఉన్న ప్రాంతంలో ఆరు పిక్సెళ్లు కొత్తగా వెలుగుతున్నాయి. మిగతా సెన్సర్‌లోనూ అక్కడొకటి అక్కడొకటి కొత్తవి ఉన్నాయి, కాబట్టి ఆ ఆరింటిని ఆ రోజు ఖాతాలో వేయలేను. పిక్సెల్ మ్యాపింగ్ (చెడిన పిక్సెళ్లని కెమెరా తనే పక్కనబెట్టే సదుపాయం) నడిపితే అన్నీ సర్దుకున్నాయి. పాత షట్టర్ కావాలా అని అడిగాను. వద్దన్నారు. 10:42:17 నాటి మబ్బు ఫోటోని మాత్రం పెద్ద ప్రింటు వేయించుకున్నారట.